జుగుర్త రాజు చెవికి మా ఇంటి కడుకులు

నేను తిరిగి వచ్చి పది రోజులయింది. ఈ పది రోజుల్లో మా గడప తొక్కిన ప్రతివాళ్ళూ ఒకటే అడగడం. ప్రొద్దుటూరు ఎట్లుంది, జమ్మలమడుగు ఎట్లుంది, పులివెందులలో నువ్వే నాటకం ఆడినావంట గదా, నిజమేనా అని. చెప్పిందే చెప్పి నోరు ఎండిపోతోంది. ఎండాకాలం, నీళ్ళు అర మైలు నుంచి మోసుకు రావాలి. అందుకని ఒక్కసారిగా రాసి పెడుతున్నాను. ఇకమీద అడిగినవాళ్ళ చేతికి ఈ కాగితాలే ఇస్తాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే మా అబ్బి సుబ్బరాయుడు దిద్దుతాడు. వాడు హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచరు, ఈ ప్రయాణానికి కారణం కూడా వాడే.

ఇంటి దగ్గర

కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం ఏర్పడిన తర్వాత వచ్చిన రెండో ఎండాకాలం ఇది. సెలవులకు ముందు మా వాడికి బడి బీరువా అడుగున చెదలు కొట్టిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అందులో జుగుర్త అనే రాజు కథ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటివాడు. సముద్రాలకు అవతల, ఆఫ్రికా దేశపు ఉత్తరపు అంచున, బెర్బర్లు అనే జాతివాళ్ళ రాజు. వాడి బతుకూ, వాడు పడిపోయిన తీరూ చదివి మా వాడికి నెల రోజులు అన్నం సహించలేదు. కూర్చుని పద్యనాటకం రాసినాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా వాడి స్నేహితులు టీచర్లుగా ఉన్నారు. మా ఊళ్ళో ఆడమని పిలిచినారు.

రాజు వేషం మా అల్లుడు ఓబులేసుది. శెనగ్గాయ సేద్యం చేసుకునేవాడే గానీ కంచు గొంతు. వాడు పాడితే పక్క చేలో ఎద్దులు నిలబడిపోతాయి. చిక్కంతా మామ వేషం దగ్గర వచ్చింది. జుగుర్తకు పిల్లనిచ్చిన మామ బోకస్ అని ఒకడున్నాడు, పక్క దేశానికి రాజు. సంధి మాట్లాడుకుందాం రమ్మని అల్లుణ్ణి పిలిచి, నమ్మి వచ్చినవాణ్ణి కట్టించి శత్రువులకు అప్పజెప్పినవాడు. ఆ వేషం వేయడానికి మా ఊళ్ళో ఒక్క మగవాడు ఒప్పుకోలేదు. "అల్లుణ్ణి పట్టిచ్చే మామ వేషమా? నాకు ముగ్గురు ఆడబిడ్డలుండారప్పా, రేపు ఎవురొచ్చి సంబంధం కలుపుకుంటారు" అని మొహం మీదే చెప్పినారు. చివరికి రాసినవాడే వేసుకోవాల్సి వచ్చింది. అంటే ఊరూరా నా కొడుకు నా అల్లుణ్ణి పట్టిచ్చేటట్టు, నేను చూసేటట్టు.

నేను పోవలసిన పని ఎందుకొచ్చిందంటే, చివరి ఘట్టంలో శత్రు సైనికుడు రాజు చెవిలోని బంగారాన్ని లాగేసుకుంటాడు. అది చరిత్రలో ఉన్నదేనట. మా తట్టు రాజు వేషం వేసేవాడు ఇత్తడి పెట్టుకోడు, ఎవరింట్లోనో అసలు బంగారం అడిగి తెచ్చుకుంటాడు. మా అమ్మాయి లక్షుమ్మ నన్ను అడక్కుండానే మొగుడికి మాటిచ్చేసింది, మా నాయన కడుకులు ఉండాయి గదా అని.

కడుకులు అంటే మా వైపు మగవాళ్ళు చెవులకు పెట్టుకునే పోగులు. వెనక మర తిప్పితే బిగుసుకుంటాయి. మా ఇంటాయన చెవులకు ముప్పై ఏళ్ళు ఉన్నాయి. పోయేముందు తీసి నా అరచేతిలో పెట్టి, మొదటి మనవడికి అని చెప్పి పోయినాడు. ఆ మనవడు పుట్టినాడు, లక్షుమ్మ కొడుకు, ఐదు నెలలవాడు. వాడికి చెవులు కుట్టడానికి బేస్తవారం పొద్దున ముహూర్తం. మా ఇంటి ఆచారం ఏమిటంటే, తాత కడుకులు రెండూ బిడ్డ రెండు చెవులకూ తాకించిన తర్వాతే కంసాలి ఆచారి సూది ఎత్తాలి. కడుకులు లేకుంటే సూది లేదు. నాటకాలేమో ఆదివారం నుంచి బుధవారం దాకా.

"కడుకులు యాడికి పోతే నేను ఆడికి పోతా" అన్నాను. కొంగు చివర ముడి వేసుకుని బయలుదేరినాను.

ఇంకో సంగతి చెప్పకుంటే ముందు జరిగేది అర్థం కాదు. మా ఇంట్లో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. చెప్పవలసింది స్తంభానికో గోడకో చెబితే అల్లుడు వింటాడు. ఐదేళ్ళుగా నేను ఓబులేసుతో ఒక్క మాట నేరుగా అనలేదు.

ప్రొద్దుటూరు

వేంపల్లె పక్కన మా పల్లె నుంచి ఎర్రగుంట్ల వరకు ఒక బస్సు, అక్కడ నాపరాళ్ళ లారీల దుమ్ము తాగుతూ రెండో బస్సు. పెన్న దాటినాం. ఇసుకే గానీ నీళ్ళు లేవు. మన ఊరి ఏటి కంటే వెడల్పు, అంతే తేడా.

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళు ఒక వీధి పొడుగునా ఉన్నాయి. మన ఊళ్ళో ఉల్లిగడ్డలు బేరం చేసినట్టు అక్కడ బంగారు సవర్లు బేరం చేస్తారు. నేను కొంగు ముడి చేత్తో పట్టుకునే నడిచినాను. బోకస్ కండువా అంచు చిరిగి ఉంటే ఖాదర్ మియా అనే ముసలి దర్జీ దగ్గరికి పోయినాం. అంచుకు జరీ కుచ్చులు కుట్టి ఇస్తానని నాలుగణాలు అడిగినాడు. నేను మూడన్నాను.

"రాజు బట్టకు గూడా బేరమా అవ్వా?"

"రాజు మా ఇంటోడు, బట్ట నాది. బేరం చెయ్యకుంటే ఎట్ల?"

"అణా తగ్గిస్తే కుచ్చులకు ముడి వెయ్యను. చిక్కులు పడతాయి, నన్ననొద్దు."

"పడనీ. ముడెందుకు, దారమే గదా."

కుడుతూ కుడుతూ కథ అడిగినాడు. సుబ్బరాయుడు చెప్పినాడు. "ఓ, అది మగ్రిబ్ దేశం" అన్నాడు ఖాదర్ మియా. "పొద్దు గూకే దిక్కున ఉండాదని మా తాత చెప్తాండె. ఆడోళ్ళు గూడా గుర్రమెక్కుతారంట." నాలుగో ఇంటి మనిషి సంగతి చెప్పినట్టు చెప్పినాడు.

నాటకం పత్తి మండీ ఆవరణలో, దీపాలు పెట్టే వేళకు మొదలయింది. జుగుర్త తండ్రి లేని బిడ్డ. పెదనాయన చేరదీసి తన ఇద్దరు కొడుకులతో సమానంగా పెంచినాడు. చచ్చేముందు రాజ్యాన్ని మూడు భాగాలు చేసి ముగ్గురికీ ఇచ్చినాడు. ఆ మాట వచ్చేసరికి నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నిట్టూర్చినారు. మూడు పాళ్ళు చేసిన నేల యాడ నిలిచింది చెప్పండి. ఒక గట్టు చాలు, అన్నదమ్ముల పిల్లలు కొట్టుకు చావడానికి. జుగుర్త చిన్నవాణ్ణి చంపించినాడు, పెద్దవాణ్ణి తరిమినాడు. పెద్దవాడు రోము నగరానికి పోయి మొరపెట్టుకుంటే, జుగుర్త బండ్లకొద్దీ బంగారం పంపి రోము పెద్దలందరినీ కొనేసినాడు.

నా పక్కన కూర్చున్న షావుకారు ఒకాయన ఉండబట్టలేక అడిగినాడు. "ఎంత పోసినాడమ్మా?"

"లెక్క తెలీదు, బండ్లకొద్దీ అంటాండారు."

"మోసపోయినాడు పో. అంతమందికి ఒగే తూరి పోస్తే ధర పెరగదా? ఒగొగన్నే ఇడిగా బేరం చెయ్యాల."

వన్స్ మోర్ అనే మాట మీరు వినే ఉంటారు. పద్యం నచ్చితే జనం ఆ కేక వేస్తారు, ఆడేవాడు మళ్ళీ పాడాలి. ప్రొద్దుటూరులో తమ్ముణ్ణి చంపించిన పద్యానికి మూడుసార్లు వేసినారు. చచ్చి పడున్నవాడు ప్రతిసారీ లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ చంపించుకున్నాడు. చివరిసారి వాడే అలసిపోయి ముందుగానే పడుకున్నాడు.

కడుకుల సంగతి నేనే చూసుకున్నాను. మామ పిలిచే ఘట్టానికి ముందు తెర వెనక ఎడమ చెవి కడుకు మర ఒకటిన్నర చుట్టు వదులు చేసి, రోము సైనికుడి వేషం వేసే మా ఊరి మస్తానయ్య చేతికిస్తాను. అతను అల్లుడి చెవికి పెడతాడు. వదులుగా ఉంటే లాగినప్పుడు చెవి తెగదు, చటుక్కున ఊడి వస్తుంది. లాగిన చేత్తోనే తెచ్చి నా చేతిలో వేయాలి. ఆ రోజు అట్లాగే జరిగింది.

తెల్లవారి ఉగ్గాణి తిందామని హోటలుకు పోయినాం. బొరుగులను నానబెట్టి తాలింపు వేస్తారే, అదే. మిరపకాయ బజ్జీతో కలిపి అణా. మన ఇంట్లో అణాకు ఆరుగురు తినొచ్చు, అయినా బాగుందని ఒప్పుకోవాలి. పదిమందికీ ఇస్తర్లు వేసిన హోటలాయన సుబ్బరాయుడి ముందు వేయలేదు.

"ఏం మామా, మాటిచ్చి పిలిచి అల్లుణ్ణి పట్టిస్తివే. నీకు ఉగ్గాణి యాడిది?"

"అది వేషమప్పా. నేను టీచర్ని" అన్నాడు మా వాడు.

"వేషం కాబట్టే ఉగ్గాణి లేదంటాండా. నిజమైతే ఊర్లోకే రానిచ్చేవాళ్ళం కాదు."

ఆయన నవ్వుతాడేమో అని చూసినాను. నవ్వలేదు. నా ఇస్తరిలో సగం కొంగు కింద పెట్టి కొడుక్కి అందించినాను. ఆయన పది ఇస్తర్లకే దుడ్లు తీసుకున్నాడు, ఆ మటుకు నాకు నచ్చినాడు.

జమ్మలమడుగు

ఇక్కడ మాకు విడిది మార్తమ్మ ఇచ్చింది. ఆమె ఆడపిల్లల బడిలో పంతులమ్మ. నాలుగు తరాల కింద కిరస్తానంలో కలిసిన కుటుంబం. జొన్నరొట్టె, ఎర్రకారం, నెయ్యి పెట్టింది. తినేముందు వాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. అంతసేపూ రొట్టె వేడి పోతుందేమోనని నాకు ఆరాటం. పోలేదు. ఆమె ముందే మూకుడు మూసి పెట్టింది.

సుబ్బరాయుడు ప్రొద్దుటూరు సంగతి చెప్పి, నాకు రొట్టె ఉందా అని భయపడుతూ అడిగినాడు. మార్తమ్మ నవ్వి, "మా పుస్తకంలో గూడా ముద్దు పెట్టి పట్టిచ్చినోడు ఒగడుండాడులే నాయనా. వానికీ ఆ రాత్రి అందరితో పాటే రొట్టె పెట్టినారు. తిను" అంది.

మిగిలిన ఊళ్ళలో రోము ఎక్కడుంది, ఎవరిది అని సగం సేపు విప్పి చెప్పాల్సి వచ్చేది. మార్తమ్మకూ ఆమె తోటివాళ్ళకూ అక్కర్లేకపోయింది. రోము అనగానే వాళ్ళ ముఖాలు గట్టిపడినాయి. "వాళ్ళంతే అక్కా" అంది నాతో. "ఈయన తర్వాత వందేళ్ళు దాటినాక మా ప్రభువును సిలువేసిందీ వాళ్ళే."

ఆ సాయంత్రం జుగుర్త రోముతో ఏళ్ళ తరబడి యుద్ధం చేసినాడు. పగలు దాక్కుని, ఎదురుచూడని చోట గుర్రాలతో పడి కొట్టి మాయమయ్యేవాడు. ఇది అమ్మకానికి పెట్టిన ఊరు, కొనేవాడు దొరికితే చాలు అని రోమును తిట్టే పద్యానికి మార్తమ్మే లేచి వన్స్ మోర్ అంది. ఆ తర్వాత మామ పిలిచినాడు, వీడు నమ్మి పోయినాడు. మా సుబ్బరాయుడు మా ఓబులేసును కౌగిలించుకుని సైగ చేసినాడు, సైనికులు తాళ్ళు వేసినారు.

సరిగ్గా అప్పుడు వంకాయలు వచ్చి పడినాయి. సంత రోజు, ఎవరి బుట్ట వాళ్ళ దగ్గరే ఉంది. మామకు తగిలినవి కొన్ని, తగలనివి కొన్ని. నేను ఏరి ఒళ్ళో వేసుకున్నాను. పదకొండు. రెండే పుచ్చులు.

చివర్లో రాజును సంకెళ్ళతో రోము వీధుల్లో ఊరేగించి, చెవి పోగు లాగి, నేల కింద ఉన్న చీకటి గుంతలోకి తోసేస్తారు. అన్నం లేకుండా ఆరు రోజులు అందులో బతికినాడట. గుంతలో పడగానే, మీ స్నానాల గది ఎంత చల్లగా ఉంది అని వాడు పరిహాసం ఆడినాడట. అల్లుడు ఆ పద్యం ఎత్తుకున్నాడు. జనం చెమటలు కారుస్తూ విసనకర్రలు ఊపుకుంటున్నారు. వెనక నుంచి ఒకతను, "చల్లగుండాదా? మాకూ చోటుంటే చూడప్పా రాజా" అన్నాడు. గుంతలో ఉన్న రాజు నవ్వాపుకోలేక పద్యం తప్పినాడు. పోగు లాగే ఘట్టాన్ని మూడుసార్లు ఆడించుకున్నారు. మూడుసార్లూ మర తిప్పి ఇచ్చినాను, మూడుసార్లూ నా చేతికి వచ్చింది.

వంకాయల కూర వండుకుంటూ సుబ్బరాయుడు ఒట్టు పెట్టుకున్నాడు. పులివెందులలో అల్లుణ్ణి పట్టిచ్చిన మరుక్షణం వెనక దారిన పారిపోతానని.

గండికోట

మంగళవారం ఖాళీ. ఎద్దులబండి మీద గండికోట చూపించినాడు మా వాడు. కోట పక్కన పెన్న కొండను నిలువునా చీల్చుకుని పోతుంది. గోడ పట్టుకుని తొంగి చూసినాను. నా వక్కాకు సంచి జారి లోపల పడింది. నాలుగేళ్ళ సంచి, అందులో రెండణాల వక్కలు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

"జుగుర్త దాయాది దాక్కున్న ఊరు గూడా ఇట్లాటిదేమా" అన్నాడు సుబ్బరాయుడు. "సిర్తా అని, లోయ అంచు మీద కోట. ప్రాణం తీయనని మాటిస్తే, రోముకు పోయి మొరపెట్టుకున్న ఆ పెద్దోడు తలుపు తీసి బయటికొచ్చినాడు."

"వస్తే?"

"చంపించినాడు."

నేను కోట గోడ వైపు తిరిగినాను, అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు కాబట్టి. "ఓ గోడా, వేషం బాగుండాది, గొంతు బాగుండాది, కానీ ఆ రాజు తక్కువోడేం కాదు. మాట నమ్మినోన్ని చంపినాడు, తర్వాత మాట నమ్మి తానూ చిక్కినాడు. బంగారం పోసి పెద్దోళ్ళను కొన్యాడు, ఎవుడో తన మామనే కొన్యాడు. ఇంగ మామను ఒక్కన్నే తిడితే ఎట్ల?"

అల్లుడికి కోపం వచ్చింది. బండి ఎక్కేదాకా రాజు లాగానే నడిచినాడు. మా సుబ్బరాయుడు మాత్రం మూడు రోజుల తర్వాత మొదటిసారి కాస్త నిటారుగా కూర్చున్నాడు.

పులివెందుల

ముద్దనూరు మీదుగా బుధవారం మధ్యాహ్నానికి చేరినాం. ఎటు చూసినా మెట్ట భూములు, అక్కడక్కడా ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావులు. బస్టాండు దగ్గర చీనీకాయలు అమ్ముతున్నారు. మోసంబి అంటారు పట్నంలో. డజను ఎనిమిదణాలన్నాడు. ఎండలో గంట నిలబడి ఐదుకు తెచ్చినాను. చివరికి అతనే ఒక కాయ కోసి ఇచ్చి, "తిని పో అవ్వా, నాకు గొంతు పోయింది" అన్నాడు.

ఇక్కడ పెట్రొమాక్సు దీపాలు బాడుగకు తేవాలి. దండగ అన్నాను. పొద్దుండగానే మొదలుపెడితే పొద్దుండగానే అయిపోతుంది గదా. అందరూ ఒప్పుకున్నారు. నాలుగ్గంటలకే బస్టాండు పక్కన మైదానంలో తెర లేచింది.

అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. ప్రతి పద్యానికీ వన్స్ మోర్. తమ్ముణ్ణి రెండుసార్లు చంపించినారు, రోమును నాలుగుసార్లు తిట్టించినారు. తెర వెనక నాకు కూడా ఒంట్లో ఏదో పూనినట్టుంది. మర తిప్పుతూ తిప్పుతూ పద్యం వింటూ ఉండిపోయినాను. ఎన్ని చుట్లు తిప్పినానో తెలీదు. ఒకటిన్నర మాత్రం కాదు.

మామ పిలిచినాడు. అల్లుడు వచ్చినాడు. కౌగిలి, సైగ, తాళ్ళు. జనంలో గుప్పున కేకలు లేచినాయి. సుబ్బరాయుడు చెప్పినట్టే వెనక దారిన పడి పరుగెత్తినాడు. తర్వాత ఊరేగింపు. మస్తానయ్య చెయ్యి చాచి రాజు ఎడమ చెవి పట్టుకున్నాడు. పట్టుకుని అట్లాగే నిలబడినాడు. మెల్లగా నా వైపు తిరిగి, "అవ్వా, చెవి ఖాళీ" అన్నాడు.

తెల్లవారితే బేస్తవారం. నేనేమి చేస్తున్నానో చూసుకోలేదు. రంగం మీదికి పోయినాను.

"ఎవురూ లేవొద్దు. ఎవురి కాళ్ళూ కదపొద్దు" అన్నాను జనంతో. "ఆ కడుకు ముప్పై ఏండ్లు ఒగే చెవిలో ఉండింది. కరువులో గంజి తాగినాం గానీ దాన్ని అమ్మలేదు. అది ఎవురి ఒళ్ళో పడినా ఈడికి పంపండి. దొంగ అనను. ఏమీ అనను."

అల్లుడు సంకెళ్ళతో చెవి తడుముకోబోతున్నాడు. "నువ్వు కదలొద్దు నాయనా" అన్నాను. "జుట్టులో ఇరుక్కోని ఉంటే కింద పడుతుంది."

అన్న తర్వాత తెలిసింది, నేరుగా అల్లుడితోనే అన్నానని. వాడు నోరు తెరుచుకుని నన్ను చూసినాడు.

"సరే అత్తా" అన్నాడు.

ఆ మాట ముందు వరసల్లో అందరికీ వినపడింది. అత్త అంటే మామ పెండ్లాం గదా. పట్టిచ్చినవాడి భార్య అల్లుడి పక్షాన వచ్చి నిలబడింది అనుకున్నారు జనం. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. "మామ అమ్ముకున్యాడు గానీ అత్త ధర్మాత్మురాలు" అని ఒకరు. అంతలో వెనక నుంచి ఒక కేక వచ్చింది. వన్స్ మోర్.

నేను వంగి చాప మీద వెతుకుతున్నాను. కేక పెద్దదయింది. మస్తానయ్య గొణిగినాడు, "చెప్పు అవ్వా, చెప్పకుంటే లేసి ఈడికొచ్చేస్తారు, అంతా తొక్కేస్తారు." నిజమే. మళ్ళీ చెప్పినాను, గంజి సంగతి నుంచి.

ముందు వరసలో ఒక పెద్దాయన కర్ర పట్టుకుని లేచి వచ్చినాడు. తన చెవుల కడుకులు విప్పి నా ముందు చాప మీద పెట్టినాడు. "నీ మొగుడు చేసిన పనికి నువ్వేడ్చేదేంది తల్లీ. ఇవి పెట్టు నీ అల్లునికి."

"నా మొగుడు బంగారం లాంటోడు" అన్నాను, అలవాటు కొద్దీ.

"చూసినారా, అంత చేసినా మొగుణ్ణి ఒగ మాట అననీదు" అన్నాడాయన జనం వైపు తిరిగి. అంతే, ఇంకో ఐదుగురు వచ్చినారు. చాప మీద పన్నెండు కడుకులు. ఒక్కొక్కటీ వెలుగుకు పట్టి చూసినాను. మాది లేదు. ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేసరికి నా ప్రాణం పోయింది. బంగారం ఇట్ల పంచుకుంటూ పోతే మీ ఇండ్లు ఎట్ల నిలబడతాయి అని నాలుగు చీవాట్లు కూడా పెట్టినాను. దానికీ వన్స్ మోర్ అన్నారు.

అప్పుడు జనం వెనక కలకలం లేచింది. మామ తిరిగి వచ్చినాడు.

సుబ్బరాయుడు వేంపల్లె బస్సు పైకెక్కి, మూటల మధ్య కండువా కప్పుకుని దాక్కున్నాడట. మొహం తుడుచుకుందామని అంచు ఎత్తితే కుచ్చుల చిక్కులో ఏదో తళుక్కుమంది. కౌగిలించుకున్నప్పుడు తగులుకున్నదే. బస్సు బయలుదేరి మైలు పోయింది. ఆపించి దిగినాడు. ఎండలో వేషంతోనే, తనను కొట్టాలని చూస్తున్న జనం మధ్య నుంచే నడిచి వస్తున్నాడు. చీనీ తొక్కలు పడుతున్నాయి. తల వంచుకోలేదు. రంగమెక్కి నా ముందు నిలబడి అరచెయ్యి తెరిచినాడు.

"అమ్మా, ఇదో."

తొక్కలు ఆగిపోయినాయి. నేను కడుకును ఒరిసి చూసి కొంగున కట్టి మూడు ముళ్ళు వేసినాను. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ప్రొద్దుటూరులో ఆ అణా నేను తగ్గించకుంటే కుచ్చులకు ముడి పడేది, చిక్కు పడేది కాదు, కడుకు దుమ్ములో కలిసిపోయేది. నన్ను పిసినారి అనేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

"మామకు బుద్ధొచ్చిందిరా. ఇంగ రాజును ఇడిసిపెట్టండి" అన్నారు జనం.

సుబ్బరాయుడు చేతులు జోడించి, "చరిత్రలో రాజు చచ్చిపోతాడప్పా, మార్చకూడదు" అన్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. ఇతను ఒప్పుకోలేదు. ఆ వాదనలోనే పొద్దు గూకిపోయింది. పెట్రొమాక్సులు లేవు. గుంత ఎక్కడుందో, రాజు ఎక్కడున్నాడో కనపడలేదు. చంపడానికి వెలుతురు చాలలేదు.

"రేపు రాజు కొడుక్కు చెవులు కుట్టాల. ఇండ్లకు పోయి సంగటి తినండి" అన్నాను. పోయినారు. అందుకే పులివెందులలో జుగుర్త ఇంకా బతికే ఉన్నాడు. మా వాడు ఈ సంగతి తలుచుకుని ఇప్పటికీ బాధపడతాడు.

బేస్తవారం

మొదటి బస్సుకు ఇల్లు చేరినాం. మొదటి ఇస్తరి సుబ్బరాయుడికే వేసినాను, నెయ్యి కూడా.

చెవులు కుట్టేటప్పుడు బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టడం ఆచారం. ఈ బిడ్డకు మేనమామ ఎవరు, సుబ్బరాయుడే. మూడు ఊళ్ళలో తన్నులు తప్పించుకున్న మామ పీట మీద కూర్చుని, రాజకుమారుడి రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. నేను కడుకులు విప్పి, మా ఇంటాయనను తలుచుకుని, రెండు చెవులకూ తాకించినాను. చల్లగా తగిలినట్టుంది, వాడు నవ్వినాడు. ఆచారి ఎడమ చెవికి సూది దించినాడు.

వాడు అరిచిన అరుపు వేంపల్లె దాకా వినిపించి ఉంటుంది. కంచు గొంతు, తండ్రిదే. లక్షుమ్మ ఏడ్చింది. సుబ్బరాయుడు కళ్ళు మూసుకున్నాడు. ఆచారి కూడా సూది పట్టుకుని, కుడి చెవి మిగిలి ఉందని చెప్పడానికి ధైర్యం చాలక నిలబడిపోయినాడు.

నేను అల్లుడి వైపు చూసినాను. గోడ వైపు తిరగలేదు.

"ఏం నాయనా" అన్నాను.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"వన్స్ మోర్ అత్తా" అన్నాడు.